చెరువుకట్టయు నేలపరీక్షయు

అనంతపురమున కనతిదూరమున నున్న బుక్కరాయసముద్రపు చెరువుకట్ట తెగబోవుచుండగా, బసిరెడ్డి కోడలు ముసలమ్మ తన్ను తాను బలి యిచ్చుకొని ఊరిని కాపాడినదను గాథను, 19వ శతాబ్ది తుదిని కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా రచించుటచే, తెలుగుదేశ మంతయు నెఱుగును. ఆ కావ్యము చదివినవారు కన్నీరు విడుతురు; నాకు మాత్రము, కట్ట యెచ్చట బలహీనపడినది, దాని యడుగున నున్నది గరుసా, రేగడియా, చౌడా అను రసహీనమైన ప్రశ్న మొదట తోచును. నేలను శోధించుటను విద్యార్థులకు నేర్పుట యను విషయమును గూర్చి వ్రాయబూనినవానికి ఈ దోషము తప్పదు కాబోలు.

ఆ చెరువును 14వ శతాబ్దిలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరున కడ్డముగా కట్టించెనని ప్రతీతి. అప్పటివారు నేల గుణమును విచారింపకయే కట్టలు పోసిరనుకొనుట మన యజ్ఞానము. బుక్కరాయల కుమారుడును ఉదయగిరి పాలకుడును అయిన భాస్కర భవదూరుడు కడప మండలమందలి పోరుమామిళ్లలో చెరువు కట్టించి, శాలివాహన శకము 1291లో, అనగా క్రీ.శ. 1369లో, అచ్చట నొక సంస్కృత శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలివాండ్రును నూరు బండ్లును రెండేండ్లు పనిచేసిన వృత్తాంతముతోపాటు, తటాకమునకు వలయు పండ్రెండు సాధనములును, దానికి కలుగు ఆఱు దోషములును అందు చెక్కబడినవి. ధర్మాత్ముడైన రాజును, జలశాస్త్ర మెఱిగిన పండితుడును, గట్టి మట్టిగల నేలయు, మూడు యోజనముల దూరము పాఱివచ్చు మంచినీటి యేఱును, కొండల నడుమ పొడవు మిక్కిలి లేని దృఢమైన రాతికట్టయు, నిడుపైన తిన్నని రాళ్లు దొరకు గనియు, పని నేర్చిన కూలిజనమును అందు పేర్కొనబడిన సాధనములలోనివి. కట్టనుండి నీరూరుట, చౌడునేల, రెండు రాజ్యముల పొలిమేర, చెరువు నడుమ తాబేటివీపువలె లేచిన మిట్ట, కొద్దినీటికి పెద్ద ఆయకట్టు, పెద్దనీటికి కొద్ది నేల — ఇవి దోషములు. పొలిమేర తగాదాను సయితము స్థలదోషముగా నెంచిన ఆ శాసనకర్త లోకజ్ఞత నేటి పాఠ్యపుస్తకములలో నాకు కానరాలేదు.

మొదటి రెండు దోషములకు గల చుట్టఱికము నిక్కడ గమనింపదగినది. చౌడు మట్టిలో సోడియము హెచ్చుగా నున్నచో, ఆ మట్టి నీరు తగిలినంతనే రేణువులుగా విడి, ఊటవెంట కొట్టుకొనిపోవును. ఊట సన్నని బెజ్జమగును, బెజ్జము గండియగును. దీనిని కనుగొనుటకు గొప్ప యంత్రము లక్కరలేదు. గ్లాసెడు నీటిలో మట్టిపెళ్ల నొకదానిని వేసి, నీరు పాలవలె కలగుచున్నదో లేదో చూచిన చాలును. 1928 మార్చి 12 అర్ధరాత్రమున కాలిఫోర్నియాలో సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట కూలి నాలుగువందలమందికి పైగా మరణించిన పిమ్మట, దాని పడమటి పార్శ్వమందలి శిలాఖండమును నీటిలో వేసి చూడగా నది కరగి బురదయై పోయినది. కాసు ఖర్చులేని ఆ పరీక్ష ఆనకట్ట కట్టుటకు ముందే జరిగి యుండవలసినది.

ఇక నేటి విద్యమాటకు వత్తము. 1872లో విలియం కింగు కడప, కర్నూలు శిలలను గూర్చియు, 1895లో రాబర్టు బ్రూస్ ఫుట్ బళ్లారి మండలమును గూర్చియు భూగర్భశాఖవారి సంపుటములు ప్రకటించిరి. 1946లో గిండీలో ఆరంభింపబడిన ఇంజనీరింగు కళాశాల 1948లో అనంతపురమునకు తరలివచ్చినది, నేటి జె.ఎన్.టి.యు. దాని సంతతియే. సివిల్ విద్యార్థులకు భూగర్భశాస్త్ర మొక పాఠ్యాంశమైనది. కాని పెట్టెలోని రాతిముక్కలకు పేర్లు చెప్పుట వేఱు, బయటి బయలును చూచి ఏ ప్రశ్నను ఏ గుంటచే అడుగవలెనో నిర్ణయించుట వేఱు.

శోధనప్రణాళిక వ్రాయుమన్నచో విద్యార్థి మొట్టమొదట అడుగునది, బోర్లు ఎన్ని, ఎంత లోతు అని. భారతీయ ప్రమాణము 1892 దీనికి జవాబిచ్చును: సుమారు 0.4 హెక్టారు భవనస్థలమునకు నాలుగు మూలల నాలుగు, నడుమ నొకటి. లోతు పునాది యడుగునుండి దాని వెడల్పునకు ఒకటిన్నర రెట్లు. ఈ లెక్క తెలిసినవాడు పరీక్షలో ఉత్తీర్ణుడగును. అనంతపురపు నేలలో మాత్రము మోసపోవును. ఇచ్చటి నైసు, గ్రానైటు శిలలు యుగయుగములుగా కుళ్లి గరుసుగా మాఱుచు, నడుమనడుమ ఏనుగంతేసి గుండ్లను కుళ్లకుండ వదలినవి. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తునుండి ఎన్ని దెబ్బలు కొట్టినను గొట్టము దిగనప్పుడు, అది తల్లిబండయో, తేలియున్న గుండో తెలియదు. కావున రాయి తగిలిన తరువాత ఇంకను కొన్ని మీటర్లు రాతిలోనికి తొలిచి, పైకి వచ్చిన కోరును కన్నులార చూడవలెను. బావులు త్రవ్వు ఒడ్డెలు దీనిని బళ్లకు పోకయే ఎఱుగుదురు. నైసును చీల్చుకొని వచ్చిన నల్లని డోలరైటు డైకుల యంచులు పగిలియున్నచో నీటికి త్రోవ లగును; అట్టిచోట నిలువుబోరు పగులుప్రక్కనుండి జాఱిపోవును గాన, బోరును ఏటవాలుగా వేయవలెను. తాడిపత్రి దాటి బెలుమువైపు పోయినచో పాఠమే మాఱును. అచ్చటి సున్నపురాతిలో నీరు తొలిచిన గుహలే మూడు కిలోమీటర్లకు పైగా నున్నవి. రెండు బోర్ల నడుమ దాగిన గుహ ఏ బోరునను కనబడదు.

నా యభిప్రాయమున విద్యార్థిచేత వ్రాయింపవలసినది బోర్ల పట్టిక కాదు, సందేహముల పట్టిక: ఈ గుంట త్రవ్వినచో నా యూహ తప్పని ఎట్లు తేలును? తప్పని తేలినచో తరువాతి గుంట నెచ్చటికి మార్తును? ఈ రెంటికి బదులు లేని గుంటను పటమునుండి కొట్టివేయవలెను, డబ్బును మిగులును. ఇది వ్రాయింపదగిన పాఠశాల చెరువుకట్టయే. వేసవిలో చెరువు ఎండినప్పుడు గర్భమందలి రేగడి పగుళ్లును, చౌడు తెల్లదనమును, తూముక్రింద పచ్చగా మిగిలిన ఊటచారయు, మరవకడ బయటపడిన బండయు పుస్తకమువలె తెఱచియుండును. సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో ఆ పుస్తకము మూయబడుట అరుదు. చెరువు నిండి మరవ పాఱినదను వార్త విని ఊరెల్ల గంగమ్మకు టెంకాయలు కొట్టునప్పుడు, ముఖము చిన్నబుచ్చుకొనువాడు ఆ అధ్యాపకు డొక్కడే.