మూలప్రతి మన అటకమీదే ఉండవచ్చు

30 ఏళ్లు ఆఫీసు రికార్డు రూములో ఫైళ్లు కాపాడిన నాకు ఇప్పటి వ్యాపకం పాత జాజ్ గ్రామఫోను రికార్డుల సేకరణ.

1923 ఏప్రిల్‌లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, రిచ్‌మండ్ పట్టణంలో జెన్నెట్ కంపెనీ కింగ్ ఆలివర్ బృందం పాటలను రికార్డు చేసింది. 21 ఏళ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ వాద్యం తొలిసారి రికార్డుకెక్కింది అప్పుడే. మైక్రోఫోను లేదు, పెద్ద గరాటు ముందు నిలబడి వాయించారు.

ఆనాటి రికార్డులకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. అది ఎక్కువగా మన దేశపు అడవులనుంచే వెళ్లేది. 1942లో యుద్ధంవల్ల లక్క కరువై, అమెరికాలో పాత రికార్డులను సేకరించి, పొడిచేసి, కొత్తవి అచ్చువేశారు. ఆ తొలినాటి కంపెనీల లోహపు అచ్చులు కూడా చాలా తుక్కుకిందపోయాయి. అందువల్ల అలాంటి పాట మళ్లీ విడుదల కావాలంటే ఎవరో దాచుకున్న రికార్డే మూలప్రతి. ఎల్.పి.లుగా, సీడీలుగా ఎన్నో అలాగే వచ్చాయి. రానివాటికోసం ఎదురుచూస్తున్నాను.

మిత్రులారా, అటకమీది రికార్డులను పాత సామాన్లకు వేసేముందు వాటిమీది పేర్లు ఒకసారి చదవండి. అదే ఆఖరి ప్రతి కావచ్చు.