ప్రయోగ తరగతి నుంచి పాఠ్యపుస్తకానికి: లైడెన్ విశ్వవిద్యాలయంలో జంతుప్రవర్తన అధ్యయనం

వ్యాససంగ్రహం:
జంతుప్రవర్తనను డిగ్రీ విద్యార్థులకు ప్రయోగపూర్వకంగా బోధించిన తొలి ప్రయత్నాలలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో 1935లో మొదలైన తరగతి ముఖ్యమైనది. నికో టిన్‌బర్గెన్ నిర్వహించిన ఈ తరగతిలో విద్యార్థులు పాఠం వినేవారుగానే కాక, పరిశీలకులుగానూ పరిశోధకులుగానూ పాల్గొన్నారు. అక్కడ రూపొందిన ప్రయోగాలు ప్రపంచవ్యాప్తంగా పాఠ్యపుస్తకాలకు ఎక్కాయి. వాటిలో కొన్ని తరువాతి కాలంలో పునఃపరిశీలనకు గురయ్యాయి. ఈ తరగతి చరిత్రను, దాని ఫలితాల తరువాతి గమనాన్ని పరిశీలించి, డిగ్రీ స్థాయి విజ్ఞానబోధనకు అది చూపే మార్గాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జంతుప్రవర్తన, ఇథాలజీ, టిన్‌బర్గెన్, లైడెన్, ప్రయోగ తరగతి, పాఠ్యప్రణాళిక.

1. ఉపోద్ఘాతం

విజ్ఞానశాస్త్రాల చరిత్రను ఆచార్యుల గ్రంథాలు, పరిశోధనపత్రాలు, పురస్కారాల ఆధారంగా రాయడం పరిపాటి. ఆ చరిత్రలో డిగ్రీ విద్యార్థికి చోటు తక్కువ. తయారైన జ్ఞానాన్ని అందుకునే శ్రోతగానే అతడు కనిపిస్తాడు. జంతుప్రవర్తనాశాస్త్రం చరిత్ర ఈ అభిప్రాయాన్ని సవరించుకోమంటుంది. 1973లో కార్ల్ వాన్ ఫ్రిష్, కొన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బర్గెన్‌లకు సంయుక్తంగా నోబెల్ బహుమతి లభించడంతో ఈ శాస్త్రానికి విస్తృతమైన గుర్తింపు వచ్చింది. అయితే ముగ్గురిలో ఒకరైన టిన్‌బర్గెన్ ప్రసిద్ధ ప్రయోగాలలో కొన్నింటికి మూలం డిగ్రీ విద్యార్థుల ప్రయోగ తరగతిలోనే ఉంది. ఆ తరగతి బలం ఏమిటి, బలహీనత ఏమిటి అన్న రెండు ప్రశ్నలనూ కలిపి చూసినప్పుడే దాని చారిత్రక ప్రాధాన్యం బోధపడుతుంది.

2. తరగతి నేపథ్యం

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో ఐరోపా విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర బోధన ప్రధానంగా శరీరనిర్మాణం, వర్గీకరణల మీద నడిచింది. విద్యార్థి ముందుకు వచ్చే జంతువు చాలావరకు సీసాలో భద్రపరచినదో, బల్లమీద కోతకు సిద్ధమైనదో అయి ఉండేది. బతికున్న జంతువు ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది అన్న ప్రశ్నకు తరగతిలో చోటు తక్కువ.

టిన్‌బర్గెన్ 1907లో హేగ్ నగరంలో జన్మించాడు. బాల్యంలో ఇంటి పెరట్లోని తొట్టిలో చేపలను పెంచి గమనించేవాడు. చదువుమీద కంటే ఆటల మీద, పక్షుల పరిశీలన మీద ఆసక్తి ఎక్కువ. 1925లో రోసిటెన్ పక్షి పరిశోధన కేంద్రంలో కొన్ని నెలలు గడిపాక లైడెన్‌లో జీవశాస్త్రం చదవడానికి నిశ్చయించుకున్నాడు. తేనెటీగలను వేటాడే ఒక కందిరీగ తన గూటికి దారి ఎలా గుర్తుపడుతుందన్న విషయం మీద 1932లో డాక్టరేటు పొందాడు. సిద్ధాంతగ్రంథం 32 పుటలు మాత్రమే. ఆ పరిమాణం చూసి అధ్యాపకవర్గం సందేహించిందని ఆయనే తరువాత రాసుకున్నాడు. గ్రంథం చిన్నదే కాని పద్ధతి స్పష్టమైనది. కందిరీగ గూటిలో ఉండగా చుట్టూ దేవదారు కాయలను వలయంగా పేర్చడం, అది బయటికి వెళ్లాక వలయాన్ని పక్కకు జరపడం, తిరిగి వచ్చిన కందిరీగ గూటిని వదిలి వలయం మధ్యకు చేరడాన్ని నమోదు చేయడం, ఇంతే ప్రయోగం. ఖరీదైన పరికరం ఏదీ లేదు. ఓపిక, కచ్చితమైన ప్రశ్న, పదేపదే చూసే అలవాటు ఉంటే చాలు.

గ్రీన్‌లాండ్‌లో ఏడాదికి పైగా గడిపి తిరిగివచ్చిన ఆయనకు 1935లో ఆచార్య వాన్ డెర్ క్లావ్ రెండు పనులు అప్పగించాడు. ఒకటి తులనాత్మక శరీరనిర్మాణ బోధన, రెండవది డిగ్రీ విద్యార్థులకు జంతుప్రవర్తన తరగతి ఏర్పాటు.

3. చేపల తొట్టి చుట్టూ తరగతి

ఈ తరగతికి టిన్‌బర్గెన్ ఎంచుకున్న ప్రధాన జీవి మూడు ముళ్ల స్టికిల్‌బ్యాక్ చేప. ఈ ఎంపికలో బోధనాదృష్టి ఉంది. అది డచ్చి పంటకాలువలలో పుష్కలంగా దొరుకుతుంది. చిన్న తొట్టిలో బతుకుతుంది. వసంతంలో, అంటే తరగతి జరిగే రోజుల్లోనే, జతకడుతుంది. అన్నిటికీ మించి దాని ప్రవర్తన కంటికి స్పష్టంగా కనిపిస్తుంది.

వసంతంలో మగచేప పొట్టభాగం ఎర్రబడుతుంది. అది ఒక ప్రాంతాన్ని తనదిగా చేసుకుని, ఇసుకలో గుంట తవ్వి, నాచుపోగులను తన శరీరస్రావంతో అతికించి గూడు కడుతుంది. గుడ్లతో పొట్ట ఉబ్బిన ఆడచేప కనిపిస్తే వంకరటింకరగా ఈదుతూ గూటివైపు దారి చూపుతుంది. ఆడచేప గూటిలో దూరాక దాని తోక మొదటిని మూతితో తాకుతుంది. అప్పుడు గుడ్లు పడతాయి. తరువాత మగచేపే గూటికి కాపలా కాస్తూ రెక్కలతో నీటిని విసురుతూ గుడ్లకు ప్రాణవాయువు అందిస్తుంది. ఈ క్రమంలో ఒకరి చేష్ట మరొకరి తరువాతి చేష్టకు ప్రేరణ అవుతుంది. కాబట్టి ప్రతి దశలోనూ “ఇక్కడ ప్రేరేపిస్తున్నది ఏది?” అని అడగవచ్చు.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నమూనాలు తయారయ్యాయి. చేప ఆకారాన్ని ఉన్నదున్నట్టు పోలి, ఎరుపు లేని నమూనా ఒక రకం. చేపను అంతగా పోలకపోయినా అడుగుభాగాన ఎర్రరంగు పూసిన నమూనా మరో రకం. తమ ప్రాంతాన్ని కాపాడుకునే మగచేపలు రెండవ రకం మీదనే ఎక్కువగా దాడి చేశాయని నివేదించారు. మొత్తం ఆకారం కాక, ఒక్క లక్షణమే సంకేతంగా పనిచేస్తుందన్న “సంకేత ప్రేరణ” భావనకు ఇది ముఖ్యమైన ఉదాహరణ అయింది. 1937లో ఈ పరిశోధన జర్మన్ భాషలో పత్రంగా వెలువడినప్పుడు టిన్‌బర్గెన్‌తో పాటు రచయితగా ఉన్న టెర్ పెల్క్‌వైక్ ఆయన విద్యార్థే. కిటికీ పక్కన ఉన్న తొట్టెలలోని మగచేపలు, వీధిలో ఎర్రని తపాలా వాహనం వెళ్లినప్పుడల్లా ఆ వైపుకు దూసుకుపోయేవన్న ప్రసిద్ధ కథనం కూడా ఈ ప్రయోగశాలదే.

4. వేసవి శిబిరాలు

తరగతి నాలుగు గోడలకే పరిమితం కాలేదు. ఉద్యోగరీత్యా టిన్‌బర్గెన్‌కు ఏడాదికి పన్నెండు రోజుల సెలవే ఉండేది. విద్యార్థి పరిశోధన పేరుతో దాన్ని సుమారు రెండు నెలల క్షేత్రకార్యంగా పొడిగించుకునే వీలు కలిగింది. హుల్స్‌హోర్స్ట్ ఇసుకనేలల్లో జరిగిన శిబిరాలలో కందిరీగలు, సీతాకోకచిలుకలు, పక్షులు పాఠ్యవస్తువులయ్యాయి. గ్రేలింగ్ అనే సీతాకోకచిలుక మీద ముగ్గురు సహరచయితలతో కలిసి వెలువరించిన 1942 నాటి పత్రం ఇందుకు మంచి ఉదాహరణ. కర్రకు దారంతో కట్టిన కాగితపు నమూనాలను ఆడిస్తూ మగవాటి స్పందనను లెక్కించారు. ఆడదాన్ని వెంబడించే సమయంలో వాటికి రంగుతో పనిలేదు. నమూనా ముదురుగా ఉండటం, దగ్గరగా ఉండటం, ఎగిరే తీరు ముఖ్యం. కాని అవే సీతాకోకచిలుకలు ఆహారం వెతికేటప్పుడు నీలం, పసుపు రంగులను గుర్తిస్తాయి. అంటే అవి రంగును చూడగలవు, ఆ సందర్భంలో పట్టించుకోవు. ఇంద్రియశక్తికీ ప్రవర్తనకూ మధ్య ఉన్న ఈ భేదం విద్యార్థులకు వాళ్ల లెక్కల పట్టికలోనే కనిపించింది.

5. యుద్ధం, ఆక్స్‌ఫర్డ్

1940 నవంబరు 26న యూదు ఆచార్యుల తొలగింపును నిరసిస్తూ లైడెన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు క్లెవెరింగా ప్రసంగించాడు. విద్యార్థులు సమ్మె చేశారు. జర్మన్ ఆక్రమణ ప్రభుత్వం విశ్వవిద్యాలయాన్ని మూయించింది. 1942లో టిన్‌బర్గెన్‌ను బందీగా పట్టుకుని రెండేళ్లపాటు నిర్బంధ శిబిరంలో ఉంచారు. ఆయన మిత్రుడు లోరెంజ్ అప్పటికే నాజీ పార్టీ సభ్యుడు. ఒకే శాస్త్రాన్ని నిర్మించిన ఇద్దరు యుద్ధంలో చెరొక వైపున నిలిచారు.

యుద్ధానంతరం 1949లో టిన్‌బర్గెన్ లైడెన్ ఆచార్యపదవిని వదిలి ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. బోధనాస్వభావం మాత్రం మారలేదు. డిగ్రీ విద్యార్థిగా ఆయన వద్ద చదివిన రిచర్డ్ డాకిన్స్ తన ఆత్మకథలో ఒక విశేషం నమోదు చేశాడు. ఇతర బోధకులు చదవవలసిన పుస్తకాల పట్టిక ఇచ్చేవారు. టిన్‌బర్గెన్ ఒకే ఒక్క డాక్టరేటు సిద్ధాంతగ్రంథం చేతికిచ్చి, దాన్ని పరీక్షకుడిలా విమర్శిస్తూ తరువాత చేయవలసిన పరిశోధనను ప్రతిపాదించమనేవాడు. 1963లో ఆయన ప్రతిపాదించిన నాలుగు ప్రశ్నలు (ప్రవర్తనకు తక్షణ కారణం ఏమిటి, జీవితకాలంలో అది ఎలా రూపొందుతుంది, మనుగడకు ఎలా తోడ్పడుతుంది, పరిణామక్రమంలో ఎలా వచ్చింది) ఈ బోధనారీతికి సిద్ధాంతరూపం అనవచ్చు.

6. ఫలితాల పునఃపరిశీలన

తరగతిలో పుట్టిన ప్రయోగం పాఠ్యపుస్తకానికి చేరేటప్పుడు కొంత కోల్పోతుంది. ఎన్నిసార్లు చూపారు, ఏ క్రమంలో చూపారు, ఎన్ని చేపలు స్పందించలేదు వంటి వివరాలు రాలిపోతాయి. ఒక బొమ్మ, ఒక వాక్యం మిగులుతాయి.

1985లో రోలండ్, సెవెన్‌స్టర్ స్టికిల్‌బ్యాక్ ప్రయోగాలను మళ్లీ చేసినప్పుడు ఎర్రని నమూనాల మీద మగచేపలు ఎక్కువగా దాడి చేయలేదు. హెర్రింగ్ గల్ అనే సముద్రతీర పక్షి విషయం మరింత ఆలోచింపజేస్తుంది. తల్లి ముక్కు మీది ఎర్రచుక్కను చూసి పిల్ల దాన్ని పొడుస్తుందని చాటిన ప్రయోగాల ఫలితాలను టిన్‌బర్గెన్, పెర్డెక్ 1950లో ప్రకటించారు. లైడెన్‌కే చెందిన కారెల్ టెన్ కాటె 2009లో ఆ ప్రచురణలను వరుసగా పరిశీలించాడు. మొదటి ప్రయోగాలలో నల్లచుక్కకే ఎక్కువ స్పందన వచ్చింది. ఎర్రచుక్క నమూనాను మిగిలినవాటికంటే ఎక్కువసార్లు చూపడంవల్ల పిల్లలు దానికి అలవాటుపడ్డాయని భావించి, అదనపు ప్రయోగం చేసి విలువలను సరిదిద్దారు. తరువాతి రచనల్లో ఆ దిద్దుబాటు ప్రస్తావన క్రమంగా మరుగునపడి, సరిదిద్దిన విలువలే నేరుగా వచ్చిన ఫలితాలుగా నిలిచాయి. అదే ఏడాది టెన్ కాటె బృందం ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు పిల్లలు ఎరుపునే ఇష్టపడటం రుజువైంది. అనుమానం సరైనదే, కాని పాఠకుడికి చేరిన కథ సంపూర్ణం కాదు.

ఈ రెండు ఉదంతాలను టిన్‌బర్గెన్ వైఫల్యంగా చూడటం తొందరపాటు అవుతుంది. ప్రయోగాలు చవకగా, సరళంగా ఉండబట్టే విద్యార్థులు వాటిని చేయగలిగారు. అందుకే తరువాతివారు మళ్లీ చేసి సరిచూడగలిగారు. లోపం తరగతిది కాదు. ప్రశ్నగా మొదలైన దాన్ని జవాబుగా మాత్రమే అందించిన పాఠ్యపుస్తక సంప్రదాయానిది.

7. భారతీయ పాఠ్యప్రణాళిక

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2014లో జంతుశాస్త్ర బోధనలో జంతువుల కోతను నిలిపివేయించింది. ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానంలో రూపొందించిన ఆనర్స్ పాఠ్యప్రణాళికలో “జంతుప్రవర్తన, కాలజీవశాస్త్రం” ఐచ్ఛికాంశంగా ఉంది. లోరెంజ్, టిన్‌బర్గెన్, వాన్ ఫ్రిష్‌ల సంక్షిప్త పరిచయాలతో అది మొదలవుతుంది. పక్షుల గూళ్లు, సంఘజీవన కీటకాల గూళ్ల పరిశీలన ప్రయోగాంశాలలో ఉంది. లైడెన్ స్ఫూర్తి నిజానికి ఈ రెండవ భాగంలో ఉంది. పరిచయాలను కంఠస్థం చేసి, గూళ్ల బొమ్మలను రికార్డు పుస్తకంలో ఎక్కించి మార్కులు పొందే అవకాశమూ అందులోనే ఉంది. కళాశాల ఆవరణలోని చెట్టుకు వేలాడే గిజిగాడి గూడు ముందు విద్యార్థి ఎన్ని గంటలు నిలబడ్డాడన్నదే ఈ రెండు మార్గాలనూ వేరుచేస్తుంది.

8. ముగింపు

జంతుప్రవర్తన డిగ్రీ తరగతిలోకి రావడం ఒక పాఠ్యాంశం అదనంగా చేరడం మాత్రమే కాదు. విద్యార్థి స్థానాన్ని అది మార్చింది. కాలువలో చేప పట్టి, తొట్టిలో పెట్టి, చూసింది రాసుకున్న విద్యార్థి పరిశోధనపత్రంలో సహరచయిత అయ్యాడు. అదే తరగతి ఫలితాలు పాఠ్యపుస్తకంలో స్థిరపడి, పరీక్షించవలసిన అవసరం లేని సత్యాలుగా చెలామణి కావడం ఈ చరిత్రలోని మరో పార్శ్వం. అందువల్ల టిన్‌బర్గెన్ నిర్ధారణలను బోధించడంతో పాటు, వాటిని మళ్లీ పరీక్షించే అవకాశం విద్యార్థికి కల్పించడం అవసరం. తమకు అందిన ఫలితాన్ని తమ కళ్లతో సరిచూసుకోవడమే ఆ తరగతి నేర్పిన మొదటి పాఠం.