నారుమడి తరగతి: కొత్త విద్యార్థుల చర్చా సెమినార్ల చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• సెమినార్ అనే బోధనా రూపం ఎక్కడ, ఏ అవసరం కోసం పుట్టిందో వివరించగలుగుతారు.
• ఎంపిక చేసిన కొద్దిమందికే పరిమితమైన ఈ పద్ధతి మొదటి సంవత్సరం విద్యార్థుల వద్దకు ఎలా చేరిందో తెలియజేయగలుగుతారు.
• భారతదేశంలో ఇది వేళ్లూనుకోకపోవడానికి గల కారణాలను చర్చించగలుగుతారు.

1. విషయ పరిచయం

సెమినార్ అనే మాట మీకు కొత్త కాదు. మన కళాశాలల్లో ఆ మాట వినగానే వేదిక, బ్యానరు, పూలగుచ్ఛాలు, శాలువాలు, ఒకరి తరువాత ఒకరు చదివే పత్రాలు, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్లు గుర్తుకు వస్తాయి. ఈ భాగంలో మనం చెప్పుకొనే సెమినార్ అది కాదు. పది పదిహేను మంది విద్యార్థులు ఒక అధ్యాపకుడితో కలిసి బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక ప్రశ్నను తీసుకుంటారు. దానికి సంబంధించిన ఆధారాలను ముందే చదివి వచ్చి, కొన్ని వారాలపాటు చర్చిస్తారు. అధ్యాపకుడు జవాబు చెప్పి ముగించడు. 'ఈ మాట నీకు ఎలా తెలిసింది?' అని అడుగుతూ ఉంటాడు.

లాటిన్‌లో 'సెమినారియం' అంటే నారుమడి. రైతు నారును ముందు చిన్న మడిలో పోసి, నీరు పెట్టి, చీడపీడలు చూసుకుని, వేరు నిలదొక్కుకున్నాక పొలంలో నాటుతాడు. అంటే నారుమడి లేత మొక్కల కోసం ఉన్నది. కానీ సెమినార్ చరిత్రలో చాలాకాలం దీనికి విరుద్ధంగా జరిగింది. అప్పటికే ఎదిగిన మొక్కలకే ఆ మడిలో చోటు దొరికింది. కొత్తగా చేరినవారు మాత్రం పెద్ద హాలులో వెనుక బెంచీల మీద కూర్చుని నోట్సు రాసుకున్నారు. అందువల్ల ఈ చరిత్రను చదివేటప్పుడు ఒక ప్రశ్నను మనసులో పెట్టుకోండి: విద్యార్థి ఏ దశలో ప్రశ్న అడగడానికి అర్హుడవుతాడు? ఆ అర్హతను నిర్ణయించేది ఎవరు?

2. జర్మనీలో పుట్టుక

ఆనాటి యూరప్ విశ్వవిద్యాలయాలలో ఆచార్యుడు పీఠం మీద నుంచి చదివేవాడు, విద్యార్థులు రాసుకునేవారు. 1737లో ప్రారంభమైన గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో యోహాన్ మథియాస్ గెస్నర్ ఏర్పరచిన భాషాశాస్త్ర సెమినార్ ఈ అలవాటును కొంత మార్చింది. దాని ఉద్దేశం నిరాడంబరమైనది. పాఠశాలల్లో గ్రీకు, లాటిన్ బోధించడానికి మంచి ఉపాధ్యాయులు కావాలి. అందుకు కొద్దిమందిని ఎంపిక చేసి, భృతి ఇచ్చి, పాఠ్యాన్ని వారి చేతనే వివరింపజేసేవారు. 1787లో హాలె విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ ఆగస్ట్ వుల్ఫ్ ఇటువంటి సెమినార్‌నే స్థాపించాడు.

1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయం ప్రారంభమయ్యేనాటికి ఈ పద్ధతికి ఒక సిద్ధాంత బలం చేకూరింది. దాని రూపకర్త విల్‌హెల్మ్ వాన్ హంబోల్ట్ దృష్టిలో పాఠశాల పని సిద్ధంగా ఉన్న జ్ఞానాన్ని అందించడం. విశ్వవిద్యాలయం పని ఇంకా తేలని సమస్యల మీద గురుశిష్యులిద్దరూ కలిసి కృషి చేయడం.

చరిత్ర విద్యార్థులుగా మీకు లియోపోల్డ్ వాన్ రాంకే పేరు తెలిసే ఉంటుంది. 1824లో వెలువడిన తన తొలి గ్రంథానికి చేర్చిన అనుబంధంలో, గ్విచ్చార్దీని వంటి పేరుపొందిన చరిత్రకారుల రచనలను ఎంతవరకు నమ్మవచ్చునో ఆయన పరీక్షించాడు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో అధ్యాపకుడయ్యాడు. తరువాతి సంవత్సరాలలో కొద్దిమంది విద్యార్థులను దగ్గర కూర్చోబెట్టుకుని మధ్యయుగపు వృత్తాంతాలను వారి చేత పరీక్షింపజేశాడు. ఈ వృత్తాంతాన్ని ఎవరు రాశారు? సంఘటన జరిగిన ఎంతకాలానికి రాశారు? ఎవరిని చూసి రాశారు? ఎవరి మెప్పు కోసం రాశారు? ఇవే అక్కడి ప్రశ్నలు. గియోర్గ్ వైట్స్, హైన్రిక్ వాన్ సీబెల్, యాకోబ్ బర్క్‌హార్ట్ ఆయన వద్ద చదివినవారే.

అయితే ఆ బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారన్నది కూడా గమనించాలి. వారంతా ఏరి కోరి ఎంపికైన పురుషులు. ప్రష్యా విశ్వవిద్యాలయాలు స్త్రీలను విద్యార్థులుగా పూర్తిగా చేర్చుకున్నది 1908లో మాత్రమే. ప్రశ్న అడిగే హక్కును గొప్పగా చాటిన పద్ధతి, ఆ హక్కును చాలా కొద్దిమందికే ఇచ్చింది.

3. అట్లాంటిక్ దాటిన సెమినార్

పంతొమ్మిదో శతాబ్దంలో అనేకమంది అమెరికన్లు పై చదువులకు జర్మనీ వెళ్లారు. వారిలో ఒకడైన హెర్బర్ట్ బాక్స్‌టర్ ఆడమ్స్ 1876లో హైడెల్‌బర్గ్‌లో డాక్టరేటు పొంది, అదే సంవత్సరం బాల్టిమోర్‌లో ప్రారంభమైన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆయన నడిపిన చరిత్ర సెమినార్‌లో తరువాత అమెరికా అధ్యక్షుడైన ఉడ్రో విల్సన్, సరిహద్దు సిద్ధాంతంతో ప్రసిద్ధుడైన ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ చదివారు. ఇక్కడ కూడా చోటు పరిశోధక విద్యార్థులకే.

మార్పు మొదటి ప్రపంచయుద్ధం తరువాత వచ్చింది. యుద్ధకాలంలో సైనిక శిక్షణ పొందే విద్యార్థులకు యుద్ధ కారణాలపై ఒక కోర్సు నడిపిన కొలంబియా విశ్వవిద్యాలయం, 1919లో 'సమకాలీన నాగరికత' అనే కోర్సును మొదటి సంవత్సరం విద్యార్థులకు తప్పనిసరి చేసింది. దానిని ఒకే పెద్ద ఉపన్యాసంగా కాక, చిన్న చిన్న బృందాలలో చర్చ రూపంలో నడిపారు.

1927లో విస్కాన్సిన్‌లో అలెగ్జాండర్ మైకెల్‌జాన్ మరింత ముందుకు వెళ్లాడు. ఆయన ప్రయోగాత్మక కళాశాలలో విడివిడి సబ్జెక్టులు లేవు. మొదటి ఏడాది ప్రాచీన ఏథెన్స్ నాగరికతను, రెండో ఏడాది ఆధునిక అమెరికాను విద్యార్థులు, అధ్యాపకులు కలిసి చదివి చర్చించేవారు. అయిదేళ్లకే, 1932లో అది మూతపడింది. 1937లో అనాపొలిస్‌లోని సెయింట్ జాన్స్ కళాశాల తన చదువు మొత్తాన్ని మూలగ్రంథాల చర్చ చుట్టూ అల్లుకుంది. అది నేటికీ కొనసాగుతోంది, అయితే అది చిన్న కళాశాల. వేల మంది చదివే పెద్ద విశ్వవిద్యాలయంలో ఇది సాధ్యమా అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

4. మొదటి ఏడాదికే సెమినార్

1957 మే నెలలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఎడ్విన్ లాండ్ ఒక ఉపన్యాసం చేశాడు. ఆయన వృత్తిరీత్యా ఆచార్యుడు కాడు. పోలరాయిడ్ కెమెరాను సృష్టించినవాడు, హార్వర్డ్‌లో చేరి డిగ్రీ పూర్తి చేయకుండా వెళ్లిపోయినవాడు. ఆయన వాదన సూటిగా ఉంది. యువకుడు ఎంతో ఆశతో కళాశాలలో అడుగుపెడతాడు. సొంతంగా ఏదైనా కనుగొనడానికి ఏళ్ల తరబడి ఆగమంటే, ఆ ఆశ కాస్తా పరీక్షలలోనే అణగారిపోతుంది. కాబట్టి చేరిన వెంటనే ప్రతి విద్యార్థికీ ఒక సొంత పరిశోధన, దానికి తోడుగా ఒక అనుభవజ్ఞుడు ఉండాలి.

1959లో హార్వర్డ్, మెక్‌జార్జ్ బండీ డీన్‌గా ఉన్న కాలంలో, లాండ్ ఆర్థిక సహాయంతో మొదటి సంవత్సరం సెమినార్లను ప్రారంభించింది. చిన్న బృందం, అనుభవం గల ఆచార్యుడు, మార్కులు, గ్రేడ్లు లేకపోవడం దీని ప్రధాన లక్షణాలు. గ్రేడ్లు లేకపోవడం చిన్న విషయం కాదు. తప్పు చెబితే మార్కు పోతుందన్న భయం ఉన్నచోట విద్యార్థి తనకు తెలిసిందే చెబుతాడు, తెలియనిది అడగడు.

ఇంతలో పెద్ద విశ్వవిద్యాలయాలలో విద్యార్థుల సంఖ్య వేగంగా పెరిగింది. 1964లో బర్క్‌లీలో జరిగిన వాక్‌స్వాతంత్ర్య ఉద్యమంలో విద్యార్థులు తమను కంప్యూటర్ కార్డులలా చూస్తున్నారని నిరసన తెలిపారు. మరుసటి ఏడాది అక్కడే జోసెఫ్ టస్‌మన్, మైకెల్‌జాన్ అడుగుజాడలలో, కొత్త విద్యార్థుల కోసం రెండేళ్ల ప్రయోగాత్మక కళాశాలను తెరిచాడు. గ్రీసు, పదిహేడో శతాబ్దపు ఇంగ్లండు, అమెరికా అక్కడి అధ్యయన విషయాలు. 1969లో అదీ ఆగిపోయింది. విద్యార్థులు దొరక్క కాదు, తమ శాఖను, సొంత పరిశోధనను పక్కనపెట్టి వచ్చే అధ్యాపకులు దొరకడం కష్టమై ఆగింది.

ఈ అనుభవం మనకు ముఖ్యమైనది. కొత్త విద్యార్థులకు లోతైన చర్చకు తగిన తెలివి లేదన్న అభిప్రాయాన్ని ఈ చరిత్ర సమర్థించదు. అధ్యాపకుల సమయం ఎవరికి దక్కాలన్న దగ్గర తరచూ చిక్కు వచ్చింది. ఉపన్యాసమైతే ఒక్కరు మూడు వందల మందికి చెప్పవచ్చు. పదిహేను మంది చొప్పున విడదీస్తే ఇరవై బృందాలు కావాలి. 1998లో అమెరికాలో బోయర్ కమిషన్ పరిశోధనా విశ్వవిద్యాలయాలను ఈ విషయంలోనే విమర్శించింది. మొదటి సంవత్సరాన్ని అన్వేషణ ఆధారంగా తీర్చిదిద్దాలని, అనుభవజ్ఞులైన ఆచార్యులే చిన్న సెమినార్లు నడపాలని సిఫారసు చేసింది.

5. భారతదేశంలో పరిస్థితి

కలకత్తా హిందూ కళాశాలలో 1826లో అధ్యాపకుడిగా చేరిన హెన్రీ డిరోజియో, తన విద్యార్థులతో కలిసి 1828లో అకడమిక్ అసోసియేషన్ అనే చర్చాసంఘాన్ని నడిపాడు. మతం, ఆచారాలు, స్త్రీల స్థితి అక్కడ చర్చకు వచ్చాయి. 1831లో ఆయన ఉద్యోగం పోయింది. గమనించవలసింది ఏమిటంటే, ఆ చర్చ తరగతి గది వెలుపల జరిగింది.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడినప్పుడు లండన్ విశ్వవిద్యాలయాన్ని నమూనాగా తీసుకున్నారు. పాఠం చెప్పేది అనుబంధ కళాశాల, పరీక్ష పెట్టేది విశ్వవిద్యాలయం. ఎక్కడో కూర్చున్న పరీక్షకుడు ప్రశ్నపత్రం తయారుచేస్తే, ఇక్కడి అధ్యాపకుడు సిలబస్ దాటి ఒక ప్రశ్నను నెలరోజులు వెంటాడే వీలు ఎక్కడిది? తెలుగు ప్రాంతాల కళాశాలలు చాలావరకు మద్రాసు విశ్వవిద్యాలయం నీడలోనే పెరిగాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత కూడా అనుబంధ కళాశాల, ఏడాది చివరి పరీక్ష అనే చట్రం మారలేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఈ లోపాన్ని గుర్తించింది. ఉపన్యాసాలకు తోడుగా ట్యుటోరియల్ తరగతులు, గ్రంథాలయ అధ్యయనం, రాతపని ఉండాలని, ఏ కోర్సుకూ నిర్ణీత పాఠ్యపుస్తకం ఉండరాదని సూచించింది. కానీ చాలా కళాశాలల్లో ట్యుటోరియల్ కాలపట్టికలో ఒక గడిగానే మిగిలింది. పెరిగిన విద్యార్థుల సంఖ్య, భర్తీ కాని అధ్యాపక పోస్టులు ఇందుకు కొంత కారణం. భాష మరొక కారణం. ఇంటర్మీడియట్ వరకు తెలుగులో చదివి, డిగ్రీలో ఇంగ్లీషు తరగతిలో కూర్చున్న విద్యార్థి మౌనాన్ని మనం చాలాకాలం తెలివితక్కువతనంగా లెక్కగట్టాం. అదే విద్యార్థి తన ఊరి రచ్చబండ దగ్గర ఎంత పదునుగా వాదిస్తాడో చూసినవారికి అసలు లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

6. దూరవిద్యార్థికి దీని ప్రాసంగికత

మీలో చాలామంది ఉద్యోగం, వ్యవసాయం, ఇంటిపని చేసుకుంటూ చదువుతున్నవారు. మీ కుటుంబంలో డిగ్రీ స్థాయికి వచ్చిన మొదటి వ్యక్తి మీరే కావచ్చు. సెమినార్ మీకు అందని విషయమని అనుకోవద్దు. అధ్యయన కేంద్రంలో కౌన్సెలింగ్ తరగతికి హాజరయ్యేవారి సంఖ్య చాలాసార్లు పది పదిహేను దాటదు. దానిని హాజరు తగ్గిన ఉపన్యాసంగా చూడవచ్చు, సిద్ధంగా ఉన్న సెమినార్‌గానూ చూడవచ్చు.

ఒక ఉదాహరణ. పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం ఆరంభంలో కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి సహాయకులతో అనేక గ్రామాల కైఫీయత్తులను సేకరించాడు. మీ ప్రాంతానికి చెందిన ఒక కైఫీయత్తును, దగ్గరలోని గుడిలో ఉన్న శాసన పాఠాన్ని తీసుకోండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, రాంకే విద్యార్థులు వేసిన ప్రశ్నలనే తెలుగులో వేయండి. ఎవరు రాశారు? ఎప్పుడు? ఎవరు చెప్పగా? ఏ భూమి, ఏ మాన్యం మీద హక్కు నిలబెట్టుకోవడానికి? ఎవరి పేర్లు అందులో కనిపించడం లేదు? అయిదుగురు కలిసి రెండు వారాలు ఈ పని చేస్తే, ఆధారమంటే ఏమిటో పుస్తకంలో చదివిన నిర్వచనం కంటే మెరుగ్గా అర్థమవుతుంది.

7. సారాంశం

గొట్టింగెన్‌లో ఉపాధ్యాయ శిక్షణ కోసం మొదలైన సెమినార్, రాంకే కాలానికి చరిత్ర పరిశోధనకు పునాది అయింది. జాన్స్ హాప్‌కిన్స్ ద్వారా అమెరికా చేరి, 1919 తరువాత క్రమంగా కొత్త విద్యార్థుల వద్దకు వచ్చింది. విస్కాన్సిన్, బర్క్‌లీ ప్రయోగాలు ఆగిపోయాయి. హార్వర్డ్, సెయింట్ జాన్స్ ప్రయత్నాలు నిలిచాయి. భారతదేశంలో సిఫారసులు ఉన్నా, పరీక్షా విధానం, సంఖ్య, భాష అడ్డుగా నిలిచాయి. చదువు ముగిసే దశలో కాక, మొదలయ్యే దశలోనే విద్యార్థిని ప్రశ్నించనివ్వాలన్నది ఈ చరిత్ర సారం.

8. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జర్మనీలో సెమినార్ పద్ధతి ఆవిర్భావాన్ని, రాంకే పాత్రను వివరించండి.
2. మొదటి సంవత్సరం సెమినార్ల ప్రయోగాలు కొన్ని నిలవడానికి, కొన్ని ఆగిపోవడానికి గల కారణాలను పరిశీలించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1857 నాటి విశ్వవిద్యాలయ నమూనా చర్చా పద్ధతికి ఎలా అవరోధమైంది?
2. మీ ప్రాంతానికి చెందిన ఒక చారిత్రక ఆధారాన్ని ఎంచుకుని, దాని మీద మీ బృందం అడగదగిన నాలుగు ప్రశ్నలు రాయండి.