సింగరేణి పేరు, ఇల్లెందు ఊరు

ఇల్లెందులోని రైలుస్టేషనుకు రైల్వేవారు పెట్టిన పేరు ఇల్లెందు కాదు, 'సింగరేణి కాలరీస్'. సింగరేణి అనునది కారేపల్లి ప్రాంతమునందలి వేరొక గ్రామము. మొదటి బొగ్గు దొరికినది ఇల్లెందు వద్ద. దేశమంతట మ్రోగిన పేరు మాత్రము సింగరేణిది. కంపెనీలు ఊళ్ళకు పేరు పెట్టుట కద్దు. ఇచ్చట ఒక ఊరి పేరును కంపెనీ తీసికొని, వేరొక ఊరి బొగ్గును తీసికొన్నది.

ఖానాపురం హవేలిలో కాపురముండు మాకు ఇల్లెందు చుట్టాల ఊరివంటిది. ఖమ్మములో ఇల్లెందు క్రాస్‌రోడ్డను పేరు తెలియని వారుండరు. చలికాలపు సెలవుదినములలో మా ఇంటి కుక్కను వెంటబెట్టుకొని ఆ గనులదిక్కుగా నడచి వచ్చుట నాకు కొన్నేండ్లుగా అలవాటు. ఎత్తుపల్లములు లేవు, తొందర లేదు. రెండు గంటల నడక. కుక్క కంటె మంచి తోడు అట్టి నడకకు దొరకదు. అది చరిత్ర అడుగదు, మనము చెప్పినను విసుగుకొనదు.

పాడుబడిన గనుల ఊరనగానే ఆఫ్రికాలోని నమీబియా ఎడారిలో కోల్మన్‌స్కోప్ జ్ఞప్తికి వచ్చును. 1908లో అచ్చట వజ్రములు దొరికినవి, ఊరు వెలసినది. 1956 నాటికి జనులు ఆ ఊరిని పూర్తిగా విడిచిపోయిరి. నేడు ఆ ఇండ్ల గదులలో ఇసుక మేటలు వేసియున్నది. మన ఇల్లెందు అట్టిది కాదు. ఇచ్చట మనుష్యులున్నారు, బజారున్నది, బడులున్నవి. ఊరిని జనులు విడువలేదు. పాత గనులే ఊరిని విడిచినవి. ఇసుకకు బదులు వానిపై సర్కారుతుమ్మ, మోదుగ పెరిగినవి.

ఈ బొగ్గు ఎట్లు బయటపడినదను దానికి ఒక జనశ్రుతి కలదు. భద్రాచల రామదర్శనమునకు పోవు యాత్రికులు దారిలో వంటకై నల్లని రాళ్ళను పొయ్యిగా పెట్టగా, కట్టెలతోపాటు రాళ్ళును మండినవట. కథ నిజమైనను కాకున్నను దారి మాత్రము నిజము. 1860లో భద్రాచలము ఇంగ్లీషువారి పాలనలోనికి పోయినది. ఇల్లెందు నిజాము రాజ్యమున ఉన్నది. అడవి ఒక్కటే, దొరలు ఇద్దరు. వ్రాతపూర్వకముగా మనకు తెలిసినది 1871వ సంవత్సరపు మాట. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గు పొరలను కనుగొనెను. ప్రధానమైన పొరకు నేటికిని 'కింగ్ సీమ్' అనియే పేరు. గోదావరి లోయలోని ఈ బొగ్గు ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వపు అడవులనుండి పుట్టినది.

ఇక రాయితీ కథ. 1886లో గనుల హక్కు ఇంగ్లండులో స్థాపితమైన హైదరాబాదు దక్కను కంపెనీకి చేరెను. నిజాము కొలువులో ఉన్నతోద్యోగియైన అబ్దుల్ హక్ ఈ వ్యవహారమున మధ్యవర్తి. కంపెనీ వాటాలలో అధికభాగము సొమ్ము చెల్లింపకుండగనే రాయితీదారుల పాలయ్యెననియు, అందు కొన్నింటిని నిజాము ప్రభుత్వము చేతనే ఎక్కువ ధరకు కొనిపించిరనియు తెలిసి గగ్గోలు పుట్టెను. 1888లో లండనులోని కామన్స్ సభ విచారణసంఘమును నియమించెను. హక్ పదవి పోయినది. గనుల హక్కు మాత్రము కంపెనీకే నిలిచినది. ఆ విచారణలో ఎవరు ఎన్ని వాటాలు పొందిరో, ఏ యింటిలో ఎవరు ఎవరితో మాటలాడిరో సవిస్తరముగా అచ్చయినది. అటు మరుసటి యేడే, అనగా 1889లో, ఇల్లెందులో బొగ్గు త్రవ్వకము ఆరంభమైనది. ఆ మొదటి గనిలో మొదటి తట్ట ఎత్తిన మనిషి పేరు ఏ విచారణలోను లేదు. నాకు ఈ సంగతి ఎప్పుడు తలచినను కొంత కోపము కలుగును.

వారు చేసిన పనిని మాత్రము నేల దాచిపెట్టినది. మనవారు గనిని 'బాయి' అందురు. పనికి పోవుట 'బాయి దిగుట'. లోపల బొగ్గును గళ్ళుగళ్ళుగా త్రవ్వి, నడుమ బొగ్గు స్తంభములనే పైకప్పునకు ఆధారముగా విడుతురు. కోల్ ఫిల్లర్లు తట్టలతో బొగ్గును టబ్బులకు ఎత్తెడివారు. ఆ భాగము ముగిసిన పిమ్మట వెనుకకు వచ్చుచు, విడిచిన స్తంభములను కూడ తీయుదురు. ప్రమాదమంతయు అందున్నది. కర్రల దిమ్మెలు కిర్రుమనుట, పైరాయి పలుకుట వినగల చెవి ఉన్నవాడే బ్రతికి బయటికి వచ్చును. కప్పు కూలిన తరువాత, కొంతకాలమునకు పైనున్న చేను సయితము క్రుంగును. ఎద్దులు మేయు బీడులో అకారణముగ పళ్ళెమువలె పల్లము కనబడినచో దాని క్రింద ఎవరిదో చెమట ఉన్నదని తెలిసికొనవచ్చును.

బొగ్గు పోవుటకు డోర్నకల్ నుండి రైలుకొమ్మ వేసిరి. అంతకుముందు కట్టెలును, దూరదేశపు బొగ్గును కాల్చిన దక్కను రైళ్ళకు ఇంటిబొగ్గు దొరికినది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులను, అప్పులను స్వీకరించెను. మద్రాసులోని బెస్ట్ అండ్ కంపెనీ దాని అమ్మకపు ఏజెంటు. 1945లో హైదరాబాదు ప్రభుత్వము అధిక వాటాలను కొనెను; 1956లో అవి ఆంధ్రప్రదేశమునకు సంక్రమించెను. ఈలోగా బొగ్గు కొత్తగూడెమున, బెల్లంపల్లిన, గోదావరి ఆవలియొడ్డున దొరుకుచు పోయినది. ముఖ్యకార్యాలయము కొత్తగూడెమునకు తరలెను. ఇల్లెందు పరిసరములలో జవహర్ ఖని, కోయగూడెము ఓపెన్‌కాస్టులు తరువాతి కాలమున వచ్చినవి. అందు మనిషి బాయి దిగడు, కొండనే విప్పుదురు. 2016లో జిల్లాలు విడిపోగా ఇల్లెందు భద్రాద్రి కొత్తగూడెమునకు పోయినది, సింగరేణి పేరుగల మండలము ఖమ్మములోనే నిలిచినది. పేరును ఊరును మరల ఒకమారు వేరైనవి.

అచ్చటికి పోవువారు కుక్క మెడకు గొలుసు విడువరాదు. బీడులో నేల గట్టిదిగా కనబడినను లోన ఖాళీ ఉండవచ్చును. కంచెలున్నచోట కంచె దాటరాదు. నీరు వెంట తీసికొనిపోవలెను, గని గుంటలలోని నీటిని కుక్కకు త్రావనీయరాదు. మొన్నటి మాఘమాసమున మా కుక్క ఒక పల్లపు అంచున నిలిచి, ముందుకు అడుగు వేయక, చెవులు నిక్కించి చాలసేపు నేలవైపు చూచినది. ఏమి వినినదో నాకు తెలియదు. నేను గొలుసు లాగక దానితోపాటు నిలిచితిని; తరువాత ఇద్దరము వచ్చినదారినే తిరిగి వచ్చితిమి.