ఆల్చిప్ప కండరానికి తాళం ఎక్కడుంది?

వేసవిలో గోదావరి తగ్గినప్పుడు భద్రాచలం ఇసుక తిన్నెల అంచున ఆల్చిప్పలు బయటపడతాయి. బతికున్న చిప్పను వేళ్లతో తెరవడం మన తరం కాదు. రెండు పెంకులనూ లోపలి నుంచి పట్టి లాగే కండరం అంత గట్టిది. ఆ పెంకు కాల్షియం కార్బనేట్, కాల్చితే సున్నమవుతుంది. లోపలి కండరాన్ని బిగించమని ఆజ్ఞ ఇచ్చేదీ కాల్షియమే. ఆ ఆజ్ఞను కండరంలో ఏ ప్రొటీన్ అందుకుంటుందో పూర్తిగా తేలడానికి వందేళ్లు దాటింది.

కథ లండన్‌లో మొదలైంది. 1880ల తొలినాళ్లలో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి పరీక్షించేవాడు. కుళాయి నీటితో చేసిన ద్రావణంలో గుండె చక్కగా కొట్టుకుంది. డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే కాసేపటికి నీరసించి ఆగిపోయింది. తేడా కుళాయి నీటిలో ఉన్న కాల్షియమేనని ఆయన 1883లో ప్రకటించాడు. మన ఆసుపత్రుల్లో ఎక్కించే ‘ఆర్‌ఎల్’ సెలైన్‌లో మొదటి అక్షరం ఆయన పేరుదే.

కాల్షియం ఏం చేస్తుందో తెలియాలంటే కండరం పనిని కొలవగలగాలి. ఆ కొలత ఇచ్చినవాడు గోదావరి డెల్టా బిడ్డ. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫేట్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించాడు. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. 1927లో వాళ్లు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కండరానికి శక్తినిచ్చే ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. కండరంలోని మోటారు ప్రొటీన్ మయోసినే ఏటీపీని విడగొడుతుందని 1939లో మాస్కో నుంచి ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా చూపించారు. ఏటీపీ విడిపోతే ఫాస్ఫేట్ బయటకొస్తుంది, దాన్ని కొలిస్తే మోటారు ఎంత జోరుగా పనిచేసిందో తెలుస్తుంది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు కండర ప్రయోగశాలల్లో నిత్యావసరమైంది.

1940ల ఆరంభంలో హంగరీలో ఆల్బర్ట్ సెంట్ జార్జి బృందం రెండో ప్రొటీన్ యాక్టిన్‌ను వేరుచేసింది. యాక్టిన్ పోగులను మయోసిన్ తలలు పట్టి లాగితే కండరం బిగుస్తుంది. అయితే కుందేలు కండరం నుంచి శుద్ధి చేసిన ఈ రెండింటినీ కలిపితే కాల్షియం ఉన్నా లేకపోయినా ఒకేలా పనిచేశాయి. అంటే కాల్షియంతో తెరుచుకునే తాళం శుద్ధి చేసేటప్పుడే ఎక్కడో జారిపోతోంది. టోక్యోలో సెత్సురో ఎబాషి దాన్ని వెతికి పట్టుకుని 1965లో ట్రోపోనిన్ అని పేరు పెట్టాడు. అది యాక్టిన్ పోగు మీద ఉండి, కాల్షియం అతుక్కోగానే మయోసిన్‌కు దారి ఇస్తుంది. అన్ని జంతువుల్లోనూ ఇంతే కావచ్చని అనుకోవడానికి ఆస్కారం ఏర్పడింది.

ఆ ఊహను మార్చింది స్కాలప్ అనే సముద్రపు ఆల్చిప్ప. ఆల్బర్ట్ బంధువు ఆండ్రూ సెంట్ జార్జి, జాన్ కెండ్రిక్-జోన్స్, విలియం లేమన్ 1970లో చేసిన పరీక్ష ఎంత సరళమో అంత పదునైనది. స్కాలప్ యాక్టిన్ పోగులకు కుందేలు మయోసిన్ జోడిస్తే కాల్షియం మాట చెల్లలేదు. కుందేలు శుద్ధ యాక్టిన్‌కు స్కాలప్ మయోసిన్ జోడిస్తే, కాల్షియం ఉంటేనే మోటారు నడిచింది. తాళం పోగు మీద కాదు, మోటారు మీదే ఉంది!

మోటారులో ఎక్కడ? మయోసిన్ తల మెడను రెండు చిన్న ప్రొటీన్ గొలుసులు చుట్టుకుని ఉంటాయి. ఈడీటీఏ అనే రసాయనంతో వాటిలో ‘నియంత్రక’ గొలుసును ఊడదీస్తే, కాల్షియం లేకున్నా మోటారు నడిచింది. తిరిగి తగిలిస్తే మళ్లీ అదుపులోకి వచ్చింది. కాబట్టి ఆ గొలుసు పని మోటారును ఆపి ఉంచడం. అయితే కాల్షియం కూర్చునే చోటు ఆ గొలుసులో లేదు. 1994లో కరోలిన్ కోహెన్ బృందం ఎక్స్‌రేలతో 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల వివరంతో ఆ మెడ ఆకృతిని చూపింది. కాల్షియం అతుక్కున్నది రెండో గొలుసుకు. ఆ స్థానం నిలవాలంటే నియంత్రక గొలుసు, మయోసిన్ సొంత పెద్ద గొలుసు రెండూ ఆసరా ఇవ్వాలి. మూడూ కలిస్తేనే ఆ చోటు ఏర్పడుతుంది, విడివిడిగా ఏదీ చాలదు.

1975లో లేమన్, సెంట్ జార్జి అనేక జంతువులను పోల్చి చూశారు. రొయ్య వేగపు కండరంలో, మన అస్థి కండరంలో అదుపు యాక్టిన్‌ది. నత్తలు, ఆల్చిప్పల జాతిలో మయోసిన్‌ది. చాలా కీటకాల్లో రెండూ ఉన్నాయి. కప్ప, కుందేలు దగ్గరే ఆగిపోయి ఉంటే సగం జవాబునే పూర్తి జవాబని నమ్మేవాళ్లం.

మన ఒంట్లోనే దీనికి సాక్ష్యం ఉంది. రక్తనాళాల గోడల్లోని నునుపు కండరంలో కూడా ప్రధానమైన అదుపు మయోసిన్ నియంత్రక గొలుసుదే. అక్కడ కాల్షియం నేరుగా అతుక్కోదు. కాల్‌మాడ్యులిన్ అనే ప్రొటీన్ ద్వారా ఒక ఎంజైమును లేపుతుంది, ఆ ఎంజైము గొలుసుకు ఫాస్ఫేట్ తగిలిస్తే మోటారు కదులుతుంది. ఇంటింటా బీపీకి వాడే ఆమ్లోడిపిన్ ఆ కండరంలోకి కాల్షియం రాకను తగ్గిస్తుంది, నాళం సడలుతుంది. ఎవరూ పట్టించుకోని జీవిని శ్రద్ధగా అడిగితే మన గురించే జవాబు దొరకవచ్చు. మన ఏరుల్లో, చెరువుల్లో అడగాల్సిన జీవులు ఇంకా ఎన్నో ఉన్నాయి.