పులి తానే తీసుకున్న ఫొటో

మన అడవుల్లో వన్యప్రాణి ఫొటోగ్రఫీ చరిత్ర ఎత్తుకుంటే తుపాకీ దించి కెమెరా పట్టిన జిమ్ కార్బెట్‌తో మొదలుపెట్టడం రివాజు. మనసు మారిన వేటగాడి కథ ఎవరికైనా నచ్చుతుంది. అది అబద్ధమూ కాదు. కాకపోతే కెమెరా చేసిన అసలు పని ఆ కథ చాటున పడిపోయింది. అడవి మృగం గురించి ఎవరేం చెప్పినా, ఆ మాటను ఇంకొకరు సరిచూసుకునే వీలు కల్పించింది కెమెరాయే. కార్బెట్‌కు ఈ ఆసక్తి అంటించిన ఫ్రెడరిక్ ఛాంపియన్ పనిలోనే అందుకు రుజువుంది. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో అటవీ అధికారిగా ఉన్న ఛాంపియన్ 1920లలో పులులు నడిచే బాటలకు అడ్డంగా సన్నని తీగ కట్టి, దాన్ని కెమెరాకూ మెగ్నీషియం ఫ్లాష్‌కూ కలిపేవాడు. రాత్రి పులి కాలు తీగకు తగిలితే చాలు, దాని ఫొటో అదే తీసుకున్నట్టు. అమెరికాలో జార్జ్ షిరాస్ అప్పటికే ఈ పద్ధతి వాడాడు. ఛాంపియన్ 1927లో తన ఫొటోలను పుస్తకంగా వేశాడు. ఒక పులి చారలు మరో పులికి ఉండవని, ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏదో పోల్చుకోవచ్చని ఆయన గ్రహించాడు.

వేటగాళ్లకు మాత్రం పులి సంగతి తెలియదా అనవచ్చు. బాగా తెలుసు. తీగ ఎక్కడ కట్టాలో తేల్చిన జాడల విద్య వేటగాళ్లదీ, వాళ్ల వెంట నడిచిన అడవి మనుషులదీ. కానీ ఆ ఎరుక వాళ్ల మాటతోనే ఆగిపోయేది. చచ్చిన పులిని మేకుల మధ్య తిన్నగా కొలిస్తే ఒక పొడవు, ఒంటి వంపుల మీదుగా టేపు లాగితే ఇంకాస్త ఎక్కువ పొడవు. పేరు కావాల్సిన దొర ఏ కొలత రాయించుకునేవాడో వేరే చెప్పాలా! ఫొటో మాత్రం ఏ తంటాలూ లేకుండా వచ్చిందా అంటే అదీ లేదు. ఫ్లాష్ వెలుగుకు మృగం బెదిరేది. కార్బెట్ కూడా సినిమా కెమెరా చప్పుడు వినపడకుండా వాగుకు చిన్న చిన్న కట్టలు వేసి నీళ్లు గలగలమనేలా చేశాడు. అయినా ఒకసారి ఫొటోలో పడిన పులి మళ్లీ ఆ దారినే రావచ్చు, రెండో ఫొటో మొదటిదాన్ని నిలబెట్టవచ్చు, లేదా తప్పని తేల్చవచ్చు. గోడకెక్కిన చర్మంతో ఆ పని కాదు.

చారల సంగతి అప్పుడే తెలిస్తే దశాబ్దాలపాటు లెక్కలు పాదముద్రలతో ఎందుకు సాగాయి? ఇది గట్టి ప్రశ్నే. 1936లో హెయిలీ నేషనల్ పార్కుగా ఏర్పడి, తర్వాత కార్బెట్ పేరు పెట్టుకున్న అడవిలోనే 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. అప్పుడు కూడా సిబ్బంది అద్దం పరిచి పాదముద్రల గీతలు దించుకునేవారు. ఖర్చు తక్కువ, ప్రతి గార్డూ చేయగలడు. కెమెరాలు ఖరీదైనవి నిజమే. దానికితోడు, నా ఉద్దేశంలో, ఫొటోను అందం కోసం చూడడమే గాని సాక్ష్యంగా చూడడం అలవాటు కాలేదు. 1990లలో జీవశాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ నాగరహొళెలో కెమెరా ట్రాప్‌లు పెట్టి చారలతో పులులను గుర్తించి లెక్కగట్టినా, దేశం మేలుకోవడానికి రాజస్థాన్‌లోని సరిస్కా కావాల్సి వచ్చింది. అక్కడ లెక్కల్లో ఉన్న పులులు అడవిలో లేవని 2005లో తేలింది. 2002లో 3,642 అన్న దేశం మొత్తం లెక్క, 2006లో కెమెరా ట్రాప్‌లు కూడా వాడిన కొత్త పద్ధతికి 1,411 అయింది. అంటే నాలుగేళ్లలో సగానికి పైగా చచ్చాయని కాదు, పాత అంకెను సరిచూసే దారే లేదని. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు మూడున్నర కోట్ల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651.

నల్లమలలోనూ, ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలంలోనైనా అటు అమ్రాబాద్‌లోనైనా, ఇదే పద్ధతి. పులి ఎడమ పక్క చారలు కుడి పక్క చారల్లా ఉండవు కాబట్టి బాటకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. ఏ బాటకు కట్టాలన్నది మాత్రం ఇప్పటికీ కింద పడిన జాడను చూసే తేలుస్తారు. అక్కడ చెంచు వాచర్ల కన్ను కావాలి.