హాల్ టికెట్ నంబరు నుంచి ఓటీపీ దాకా

ఈ తరానికి గోప్యత పట్టదనీ, స్మార్ట్‌ఫోన్ చేతికి రాగానే తమ బతుకంతా బజార్న పెట్టుకుందనీ సభల్లోనూ సంపాదకీయాల్లోనూ తరచూ వింటుంటాం. ఆ మాటకు తగ్గ కాలక్రమం కూడా సిద్ధంగా ఉంటుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైంది, పిల్లలు చెడ్డారు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది, అప్పటికే పరిస్థితి చేయి దాటింది. సాఫీగా సాగే కథే. కానీ తెలుగునాట జరిగినదానికి అది అతకదు. ఇక్కడి పిల్లల వివరాలను మొదట వీధిన పెట్టింది పెద్దలు, అదీ స్మార్ట్‌ఫోన్లు రాకముందే.

కోర్టుల కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1954లో ఎం.పి. శర్మ కేసులో, 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదన్నది. 1975లో గోవింద్ కేసు నాటికి కాస్త మెత్తబడింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు పాత మాటను పక్కన పెట్టారు. ఈ వరసలో మనవాళ్లు కూడా మరిచిపోయే తీర్పు ఒకటుంది. భర్తతో కాపురానికి వెళ్లి తీరాలని ఇష్టం లేని భార్యను కోర్టు ఆదేశించడం ఆమె గోప్యతకు భంగమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి సరిత కేసులో తేల్చారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఓడిపోయిన తీర్పే, కానీ ఓడినంత మాత్రాన చరిత్రలోంచి చెరిగిపోదు. ఒక యువతి ఇష్టాయిష్టాల మీద ఇంటికీ ప్రభుత్వానికీ అధికారం లేదన్న మాట ఇంటర్నెట్ రాకముందే హైదరాబాదులో వినిపించింది.

అసలు వివాదమంతా నెట్ సెంటర్ల కాలం గురించే. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. 1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకూ తలుపులు తెరిచారు. ఆ తర్వాత నాలుగైదేళ్లలో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, గుంటూరు బ్రాడీపేట లాంటి కోచింగ్ పేటల్లో ఎస్టీడీ బూత్‌లూ జిరాక్స్ షాపులూ ఒక్కొక్కటే నెట్ సెంటర్లుగా మారాయి. ఆ ప్లైవుడ్ క్యాబిన్లను పిల్లలు పాడైన చోటుగానే మన జ్ఞాపకాల్లో రాసుకున్నాం. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ తెలుగు ఇంట్లో పెరిగిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అంతకుముందు తలుపు వేసుకునే గది ఎక్కడుంది? ఉత్తరం వస్తే నాన్న విప్పేవాడు. ల్యాండ్‌లైన్ హాల్లో ఉండేది, మాట్లాడుతున్నంతసేపూ ఇంట్లో అందరూ వినేవాళ్లు. గంటకు ఇంతని డబ్బిచ్చి అద్దెకు తీసుకున్న ఆ మూడడుగుల చోటే చాలామందికి మొదటి సొంత గది.

అక్కడ వాళ్లు నేర్చుకున్నవి చూడండి. యాహూ చాట్‌లో అసలు పేరు పెట్టకూడదు. లేచి వెళ్లేముందు హిస్టరీ తుడిచేయాలి. పాస్‌వర్డ్ గుర్తుంచుకోనా అని కంప్యూటర్ అడిగితే వద్దనాలి. 2004లో ఆర్కుట్ వచ్చాక స్క్రాప్‌బుక్‌లో రాసింది అందరికీ కనబడుతుందని తెలుసుకుని, చదివిన వెంటనే చెరిపేసేవాళ్లు. ప్రొఫైల్‌లో తన ఫొటోకు బదులు గులాబీ పువ్వో సినిమా హీరోయిన్‌నో పెట్టుకున్న అమ్మాయిల సంఖ్య తక్కువేమీ కాదు. దీన్ని పిరికితనం అన్నవాళ్లున్నారు. నాకది జాగ్రత్తగానే కనిపిస్తుంది, అదీ ఎవరూ నేర్పకుండా అలవడిన జాగ్రత్త.

ఈ వాదనకు హద్దులున్నాయి. నెట్ సెంటర్ ప్రధానంగా మగపిల్లల చోటు. ఒంటరిగా వచ్చిన అమ్మాయి వైపు కుర్చీలన్నీ తిరిగేవి. పల్లెలకు అది చాలాకాలం అందనే లేదు. క్యాబిన్‌లో ఉన్నవాళ్లను దొంగచాటుగా చిత్రీకరించి బెదిరించిన సంఘటనలూ ఉన్నాయి. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణ, అనుమతి లేకుండా ఒకరి ఆంతరంగిక దృశ్యాలు తీయడాన్ని 66ఇ సెక్షన్ కింద నేరం చేసింది ఊరికే కాదు. కాబట్టి అది స్వర్గమని నేననను. గోప్యత విలువ ఆ తరానికి తెలిసింది అక్కడేనని మాత్రం అంటాను.

అదే గదిలో, ఏడాదికి ఒక్కరోజు, దీనికి పూర్తిగా విరుద్ధమైనది జరిగేది. ఇంటర్ ఫలితాల రోజు. సైట్ తెరుచుకోక వేళ్లాడుతుంటుంది. కుర్చీ చుట్టూ పది మంది, చీటీ మీద రాసుకొచ్చిన హాల్ టికెట్ నంబర్లు. నెట్ సెంటర్ యజమానే ఒక్కొక్కటి కొడతాడు, మార్కులు పైకి చదువుతాడు, లెక్కల్లో పోయిందంటాడు. తెర మీద పేరు, ప్రతి సబ్జెక్టు మార్కూ. పాస్‌వర్డ్ లేదు, పుట్టినతేదీ అడగడం లేదు. నంబరు తెలిస్తే చాలు, మేనమామ చూడొచ్చు, ఎదురింటావిడ చూడొచ్చు, పెళ్లి సంబంధం వాళ్లూ చూడొచ్చు. అంతకుముందు పత్రికల్లో నంబర్లు అచ్చయ్యేవి నిజమే, కానీ వాటిలో ప్రతి సబ్జెక్టు మార్కూ ఉండేది కాదు. ఇంటర్నెట్ మార్కుల జాబితానంతా బయట పెట్టింది.

ఆ నంబరు అయినా గుట్టుగా ఉందా? మర్నాడు పత్రిక మొదటి పేజీ నిండా కార్పొరేట్ కాలేజీ ప్రకటన: ఒకటి, ఒకటి, రెండు, మూడు అంటూ ర్యాంకులు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, వాటి కింద పేరూ హాల్ టికెట్ నంబరూ. ర్యాంకు అబద్ధం కాదని నమ్మించడానికి నంబరు వేస్తారు. మైనరు పిల్లల ముఖాన్నీ పేరునూ గుర్తింపు సంఖ్యనూ ఒక్కచోట కుప్పపోసి లక్షల ప్రతుల్లో పంచిన ఆ రోజుల్లో ఫేస్‌బుక్ పేరు మన ఊళ్లలో ఎవరికీ తెలియదు. అప్పుడు ఎవరూ గోప్యత గురించి ఉపన్యాసం ఇచ్చిన గుర్తు లేదు. ఇప్పుడు సెల్ఫీ పెట్టిన పిల్లను తిడుతున్న పెద్దలే అప్పుడు ఆ పేజీ కత్తిరించి దాచుకున్నారు.

ఆ తర్వాతి దశ ఇంకా స్పష్టంగా ఉంది. 2011 సైబర్ కేఫ్ నిబంధనలు క్యాబిన్ల అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించకూడదన్నాయి. క్యాబిన్ లేని చోట కంప్యూటర్ తెర నలుగురికీ కనబడేలా బయటికి తిరిగి ఉండాలన్నాయి. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు వివరాలను, చూసిన సైట్ల చిట్టాను ఏడాది పాటు దాచాలన్నాయి. తల్లిదండ్రులో సంరక్షకులో వెంట లేకుండా మైనర్లు క్యాబిన్‌లో కూర్చోకూడదు. ఉగ్రవాద దాడుల నేపథ్యంలో వచ్చిన నిబంధనలివి, భయం అకారణమని అనలేం. అయినా వీటి ఫలితం మాత్రం అద్దె గది గోడలను అధికారికంగా తగ్గించడమే.

ఈలోగా ఫోన్ వచ్చింది. సిమ్ నాన్న పేరు మీద. కౌన్సెలింగ్‌కైనా స్కాలర్‌షిప్‌కైనా ఆధార్‌కైనా ఫారంలో మొబైల్ నంబరు రాయాలి, ఓటీపీ ఆ ఫోనుకే వస్తుంది. హాల్ టికెట్ నంబరు పరీక్షతో అయిపోయేది, ఫోన్ నంబరు మనిషిని వదలదు. 2018 ఆధార్ తీర్పు నీట్‌కూ సీబీఎస్ఈకీ యూజీసీకీ ఆధార్ తప్పనిసరి చేసే హక్కు లేదన్నా, ఫారాల్లో ఆ గడి చెక్కుచెదరలేదు. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు రుణ యాప్‌ల ముఠాలను పట్టుకున్నప్పుడు బయటపడిందేమిటి? చిన్న అప్పు కోసం యాప్ దించుకున్న కుర్రవాళ్ల కాంటాక్టులన్నీ ఏజెంట్ల చేతికి చిక్కాయి. బంధువులకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీశారు, ఆ అవమానం తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లు చేసిందల్లా కాంటాక్టులు చూడనివ్వమని యాప్ అడిగితే సరేనని నొక్కడం. నొక్కకపోతే అప్పు పుట్టేది కాదు.

ఇక వర్తమానం. ఇన్‌స్టాగ్రామ్‌లో బంధువులకు ఒక అకౌంటు, నమ్మిన నలుగురికి ఇంకొకటి నడుపుకునే ఈ పిల్లలకు గోప్యత పట్టదని నేను ఒప్పుకోను. కంపెనీల దగ్గర మాత్రం ఈ నేర్పు పనిచేయదు. రెండు అకౌంట్లూ ఒకే కంపెనీ సర్వర్లలో ఉంటాయి, ఎవరు ఏది ఎంతసేపు చూశారో అక్కడ లెక్క ఉంటుంది. బడి కూడా ఈ పిల్లల చేతిలో లేదు. ప్రభుత్వ విద్యా వేదిక దీక్షకు పిల్లలు ఎక్కడున్నారో కచ్చితంగా పసిగట్టే వీలుందని 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ చెప్పింది. 2023 జనవరిలో, అదే వేదికకు చెందిన లక్షలమంది టీచర్ల, విద్యార్థుల వివరాలు రక్షణ లేని సర్వరులో పడి ఉన్నట్టు తేలింది.

2023 డేటా రక్షణ చట్టాన్ని నేను స్వాగతిస్తాను, కానీ సగం మనసుతోనే. పిల్లల మీద నిఘా, వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలు నిషేధించడం మంచిదే, ఉల్లంఘిస్తే రూ.200 కోట్ల దాకా జరిమానా ఉంది. కానీ పద్దెనిమిది నిండేదాకా అందరూ పిల్లలే, అనుమతి తల్లిదండ్రులదే. పదేళ్ల పిల్లకూ ఇంటర్ రెండో ఏడు కుర్రాడికీ తేడా లేదు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు, చదువు పేరుతో, భద్రత పేరుతో విద్యాసంస్థలు చేసే గమనింపునకు మినహాయింపు ఇచ్చాయి. తెలుగు పిల్లల వివరాలను మొదట బయట పెట్టింది ఎవరో గుర్తున్నవాళ్లకు ఈ మినహాయింపు మింగుడుపడదు. ఇక ర్యాంకుల ప్రకటనలో పదహారేళ్ల కుర్రాడి ఫొటో వేయాలంటే తండ్రి సంతకం ఉంటే సరిపోతుంది. ఆ కుర్రాణ్ని కూడా ఒక మాట అడగాలని చట్టంలో ఎక్కడా లేదు.